చున్నీ కట్టుకుని గోడ దూకిన పిల్లకి ఏ కథలు చెప్పాలి?

ప్రశ్న: మాది కాశీబుగ్గ. నేను ఇంటి దగ్గరే మిషను కుడతాను. మా ఆయన హైదరాబాద్‌లో బిల్డింగు పనుల్లో ఉంటారు. మా పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. విశాఖపట్నంలో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ఓ సంచీడు తెచ్చాడు. అన్నీ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్. అప్పట్నుంచీ దానికదే లోకం. మొన్న నా చున్నీ మెడకి కట్టుకుని పెరటి గోడ మీంచి దూకింది. మా ఆడపడుచు కొడుకులిద్దరూ చూసి "ఆడపిల్లవి, నువ్వెగురుతావేటే? సూపర్‌మ్యానంటే మగోడే" అని ఒకటే నవ్వు. మా అత్తగారేమో "కాలిరిగితే రేపెవలు సేసుకుంతారే నిన్ను" అన్నారు. ఆరోజు నుంచి అది చున్నీ ముట్టుకోలేదు. రాత్రి నా పక్కన చేరి "అమ్మా, ఆడోళ్లలో అలాటోళ్లు లేరేటి?" అని అడిగింది. నాకు తెలీదు. నేను పది దాకా చదివేను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. అలాటి కథలుంటే ఏవి మంచివో, ఏవి ఈ వయసు పిల్లకి ఇవ్వకూడదో చెప్పండి. కొన్ని అట్టల మీద ఆడవాళ్ల బట్టలు చూస్తే ఇంట్లో పెట్టుకోడానికే మొహమాటంగా ఉంది.

సమాధానం: ఉన్నారమ్మా. ఎప్పట్నుంచో ఉన్నారు. ఈ జవాబు చూసిన రాత్రే పాపకి ఆ ఒక్క మాటా చెప్పెయ్యండి. మిగతాది ఇద్దరూ నెమ్మదిగా చదువుకోవచ్చు.

సూపర్‌మ్యాన్ మొదటి కథ 1938లో అచ్చయింది. మూడేళ్లు తిరిగేసరికి, 1941 ఏప్రిల్‌లో, అమెరికా దినపత్రికల్లో మిస్ ఫ్యూరీ వచ్చింది. నల్ల చిరుత తోలు తొడుక్కుని దొంగల పని పట్టే అమ్మాయి. ఆ కథ రాసిందీ, బొమ్మలు గీసిందీ కూడా ఒక ఆడమనిషే. ఆవిడ పేరు జూన్ టార్పే మిల్స్. గీస్తున్నది ఆడమనిషని తెలిస్తే పిల్లలు నీరుగారిపోతారని, ముందున్న జూన్‌ని తీసేసి ఉత్త టార్పే మిల్స్ అని సంతకం పెట్టేది. మీ పాప చున్నీ దాచుకున్నట్టే ఆవిడ పేరు దాచుకుంది. ఈ సంగతి ఆ బావలిద్దరికీ కూడా చెప్పండి, కోపంగా కాదు, తెలియనిది తెలియజెప్పినట్టుగా.

ఇక కథలు. నేను మొదట పెట్టేది వండర్ ఉమన్ మొట్టమొదటి కథ. 1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో వచ్చింది. ఉన్నది కొద్ది పేజీలే. మీరు మిషను మీద కూర్చుని కూడా చెప్పెయ్యొచ్చు. ఇలా చెప్పండి.

మగవాళ్లెవరూ అడుగుపెట్టని ఒక దీవి. దానికి హిప్పోలిటా రాణి. ఆమె కూతురు డయానా. ఓ రోజు ఒక అమెరికా సైనికుడి విమానం అక్కడ కూలింది. డయానా అతన్ని మోసుకొచ్చి, పక్కనే ఉండి సేవ చేసింది. అవతల లోకంలో పెద్ద యుద్ధం జరుగుతోంది. ఇతన్ని వెనక్కి దిగబెట్టాలి, తోడుగా మీలో అందరికన్నా బలమైనదాన్ని, తెలివైనదాన్ని పంపండి అని దేవతలు రాణికి చెప్పారు. ఎవరో తేల్చడానికి రాణి పోటీలు పెట్టింది. కూతుర్ని మాత్రం దిగొద్దంది. పంపడం ఇష్టంలేక. వెళ్తే మళ్లీ తిరిగి రాదు కదా.

డయానా ముఖానికి ముసుగు వేసుకుని దిగింది.

ఒక్కో పందెం గెలుచుకుంటూ చివరిదాకా వచ్చింది. చివరి పందెంలో ఒకరి మీద ఒకరు తుపాకీ పేల్చాలి, వచ్చే తూటాని చేతికున్న కడియంతో కొట్టి పక్కకి పంపాలి. దాంట్లోనూ గెలిచి ముసుగు తీసింది. ఎదురుగా తల్లి.

ఇక్కడ కాసేపు ఆగండమ్మా. మన దగ్గర మగవాణ్ని చేతకానివాడివని వెక్కిరించాలంటే ఏమంటారు? గాజులు తొడుక్కుని కూర్చోరా అంటారు. ఎనభై ఏళ్ల కిందటి ఈ కథలో తూటాని ఆపింది ఆ ఆడపిల్ల చేతికున్న కడియమే. మీ చేతికున్న గాజులు చూపిస్తూ చెప్పండి. పాప కళ్లు ఎలా అవుతాయో చూడండి.

తరవాత ఏం జరిగిందో అది మీకోసమే రాసినట్టుంటుంది. వద్దన్న ఆ తల్లి కూతుర్ని తిట్టదు. గెలిచిన పిల్ల అమెరికాలో వేసుకోడానికని తనే ఆలోచించి తయారుచేసి ఉంచిన దుస్తులు తెచ్చి చేతిలో పెడుతుంది. వండర్ ఉమన్ ఎర్ర రవికె, చుక్కల నీలం గుడ్డ లోకమంతా గుర్తుపట్టే వేషం. ఆ వేషం కథ ప్రకారం ఒక అమ్మ కూతురికి ఇచ్చింది. మిషను కుట్టే తల్లి ఈ కథ చెప్తే ఆ పిల్లకి ఎలా అంటుతుందో నాకిక్కడ కూర్చుంటే తెలుస్తోంది. ఇంకో సంగతి. డయానాని ఆ తల్లి మట్టితో బొమ్మగా చేస్తే దేవతలు ప్రాణం పోశారని 1942లో చెప్పారు. పార్వతమ్మ నలుగుపిండితో వినాయకుణ్ని చేసుకున్న కథ తెలిసిన ఇంట్లో దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఆ పాత సంచికలన్నీ కట్టగట్టి పిల్ల చేతికి ఇవ్వకండి. వండర్ ఉమన్‌ని పుట్టించిన మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. రక్తపోటు పెరగడం, తగ్గడం చూసి అబద్ధం పట్టే పరీక్ష మీద పనిచేశాడు. ఆడవాళ్ల చేతిలో లోకం పెడితే యుద్ధాలుండవని గట్టిగా నమ్మినవాడు. బొమ్మలు గీసింది హెచ్.జి. పీటర్. వాళ్లు చేసిన పనిమీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ కథల్లో ఆడవాళ్లని తాళ్లతో, సంకెళ్లతో కట్టెయ్యడం మరీ ఎక్కువ, పేజీ పేజీకీ ఉంటుంది. మొదటి కథ ఒక్కటీ చాలు. 1942లోనే ఈమెని జస్టిస్ సొసైటీ అనే వీరుల సంఘంలో చేర్చుకున్నారు. చేర్చుకుని ఏం చేశారో తెలుసా? కార్యదర్శిని చేశారు. మగవీరులు యుద్ధానికి వెళ్తుంటే తూటాలని చేత్తో ఆపే మనిషి ఆఫీసులో కూర్చుని రాతపని చూసుకోవాలి. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పాప పెద్దదయ్యాక ఇదీ చెప్పండి. ఇప్పుడు వద్దు.

1987లో జార్జ్ పెరెజ్ వండర్ ఉమన్ కథని మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. అంత ఓపికగా, ఒక్కో గుడి స్తంభాన్నీ చెక్కినట్టు గీసినవాళ్లు ఈ బొమ్మల పుస్తకాల్లో బహు తక్కువ. అందులో మొదట్లోనే ఆడవాళ్ల మీద జరిగిన ఘోరం ఉంది. పాపకి పదిహేనో పదహారో వచ్చేదాకా దాన్ని పైన అటక మీద పెట్టండి.

రెండో కథ సూపర్‌గర్ల్‌ది. దీని గురించి నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఇది నన్ను ఏళ్లపాటు వెంటాడింది. నేను పెరిగింది విజయనగరంలో. పదేళ్లప్పుడు మా మేనత్త ఇంట్లో అట్టలేని పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. కోట దగ్గర మా అన్నయ్య సైకిలు నేర్చుకుంటుంటే నేనూ నేర్చుకుంటానని ఏడ్చి, వద్దనిపించుకుని, మూతి ముడుచుకుని కూర్చున్న రోజు అది. ఆ పుస్తకంలో ఒక రాకెట్టు వచ్చి పడుతుంది. సూపర్‌మ్యాన్ పరిగెత్తి వెళ్తాడు. లోపల్నుంచి తన చొక్కాలాంటి చొక్కానే వేసుకున్న ఒక అమ్మాయి నవ్వుకుంటూ బయటికి వస్తుంది. పేరు కారా. అతని పినతండ్రి కూతురు, అంటే వరసకి చెల్లెలు. ఇద్దరిదీ పేలిపోయిన క్రిప్టాన్ లోకమే. ఆమె ఊరు ఒక ముక్కగా విడిపోయి కొన్నాళ్లు బతికింది. చివరికి ఆ ఊరూ పోయే ముందు తల్లీతండ్రీ ఆ పిల్లని రాకెట్టులో పెట్టి పంపారు. 1959 మే నెల యాక్షన్ కామిక్స్ 252వ సంచిక. రాసింది ఆటో బైండర్, గీసింది ఆల్ ప్లాస్టినో.

ఎవరూ లేని ఆ పిల్ల అన్నతో ఉంటాననుకుంటుంది. అతను ఒప్పుకోడు. తన రహస్యం బయటపడుతుందంటాడు. తలకి గోధుమరంగు జడల విగ్గు పెట్టి, లిండా లీ అని పేరు మార్చి, మిడ్‌వేల్ అనే ఊళ్లో అనాథాశ్రమంలో చేరుస్తాడు. నీకు శక్తులున్నాయని ఎవరికీ తెలియకూడదు, నువ్వు నా రహస్య ఆయుధానివి అంటాడు. అతనంత బలం ఉన్న పిల్ల, అతనిలాగే ఎగరగలిగే పిల్ల, పొద్దున్నే లేచి ఆశ్రమంలో మంచాలు సర్దుకుంటూ బతకాలి.

నా పుస్తకంలో చివరి పేజీలు లేవు. అందుకని సూపర్‌గర్ల్ ఎప్పటికీ అక్కడే ఉండిపోయిందనుకున్నాను. సైకిలు సంగతి అడగడం కూడా మానేశాను. చాలా ఏళ్లకి, ఉద్యోగంలో చేరాక, మిగతా కథ చదివాను. 1962 ఫిబ్రవరి యాక్షన్ కామిక్స్ 285లో, అంటే దాదాపు మూడేళ్ల తరవాత, ఆమెని లోకం ముందుకి తీసుకొస్తారు. వీధుల నిండా జనం, కాగితాల వాన, చేతులూపుతున్న పిల్లలు. అమెరికా అధ్యక్షుడు కెనడీ కూడా ఆ కథలో ఆమెని కలుస్తాడు. నేను ఆ పేజీలు చూస్తూ ఏడ్చాను. ఇది పదేళ్ల పిల్లగా నాకు దొరికుంటే అనిపించింది.

అందుకే చెప్తున్నాను, మీ పాపకి 252 ఒక్కటే ఇవ్వకండి. 285 కూడా దొరికేదాకా ఆగి, రెండూ కలిపి ఇవ్వండి. సూపర్‌గర్ల్ పాత కథల సంపుటాల్లో రెండూ ఉంటాయి. ఒకవేళ ఈలోపు నోటితో చెప్తే, దాచిపెట్టిన భాగం దగ్గర నిద్రపోనివ్వకండి. వీధిలోకి వచ్చేదాకా చెప్పాకే దీపం ఆర్పండి. 252లో ఇంకొకటి గమనించమనండి. శక్తులు దాచమన్నా ఆ పిల్ల ఊరుకోదు. ఎవరికీ తెలియకుండా మంచి చేసే దారులు వెతుక్కుంటుంది. చున్నీ మడతపెట్టి పెట్టెలో పెట్టిన పిల్లకి ఇది బాగా అర్థమవుతుంది.

మూడోది బ్యాట్‌గర్ల్. 1967 జనవరి డిటెక్టివ్ కామిక్స్ 359. గార్డ్‌నర్ ఫాక్స్ రాశాడు, కార్మైన్ ఇన్ఫాంటినో గీశాడు. బార్బరా గోర్డన్ లైబ్రరీలో పనిచేస్తుంది, డాక్టరేటు చేసిన అమ్మాయి, పోలీసు కమిషనర్ కూతురు. ఎక్కణ్నుంచో ఊడిపడిన శక్తి ఏదీ లేదు. పోలీసుల వేషాల విందుకని బ్యాట్‌మ్యాన్ వేషం లాంటిది ఆడపిల్లకి తగ్గట్టు తయారుచేసుకుని బయల్దేరుతుంది. దారిలో కిల్లర్ మాత్ అనే దొంగ ఒక ధనవంతుణ్ని పట్టుకుని ఉంటాడు. ఆ ధనవంతుడు నిజానికి బ్యాట్‌మ్యానే, అది ఆమెకి తెలియదు. ఎవర్నో పిలుద్దాం అనుకోకుండా తనే కలగజేసుకుంటుంది. విందుకి వేసుకున్న వేషం ఆ రాత్రితో ఆమె సొంత బట్టలైపోతాయి. సరదా కథ, రక్తపాతం లేదు, పదకొండేళ్ల పిల్లకి నిశ్చింతగా ఇవ్వొచ్చు. లైబ్రరీ అంటే పాప అడుగుతుంది కాబట్టి, శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఓసారి కథానిలయానికి తీసుకెళ్లండి. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997లో మొదలుపెట్టిన ఇల్లు అది. అక్కడ ఉండేవి బొమ్మల పుస్తకాలు కావు. అయినా కథల కోసమే కట్టిన ఇల్లు ఒకటి మన జిల్లాలో ఉందని ఆ పిల్ల కళ్లతో చూడాలి.

ఈ బార్బరా విషయంలోనే ఒక జాగ్రత్త. 1988లో వచ్చిన ది కిల్లింగ్ జోక్ అనే పుస్తకం మీ తమ్ముడి సంచీలో ఉంటే తీసి పక్కన పెట్టండి. అందులో ఆమెని కాల్చి, నడుము కింద చచ్చుబడేలా చేసి, దాన్ని తండ్రిని హింసించడానికి వాడుకుంటారు. పేరున్న పుస్తకమే, కానీ ఆ పిల్లకి జరిగింది ఆ కథకి పట్టదు. జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ అనే భార్యాభర్తలకి పట్టింది. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ ముందు, అందరు వీరులకీ దారి చూపే ఒరాకిల్‌గా వాళ్లు బార్బరాని మళ్లీ నిలబెట్టారు. ఆమె ఆ దెబ్బ నుంచి ఎలా తేరుకుందో 1996లో ఒక చిన్న కథలో చెప్పారు. బ్యాట్‌మ్యాన్ క్రానికల్స్ 5వ సంచికలో ఉంది, పేరు ఒరాకిల్: ఇయర్ వన్. ఆ ఆస్పత్రి రోజులు, ఆ కోపం, ఆ మొండితనం అంత బాగా చెప్పిన కథలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే తెలుసు. పాపకి పద్నాలుగు దాటాక ఇద్దరూ కలిసి చదవండి.

స్టార్మ్ గురించి చెప్పాలి. పేరుకి అర్థం తుఫానే. 2018 అక్టోబర్‌లో తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరిచెట్లు ఎలా నేలకొరిగాయో మీకు నేను చెప్పాలా? అలాంటి గాలిని చేతి సైగతో లేపి, చేతి సైగతో ఆపగలిగే మనిషి ఈమె. అసలు పేరు ఒరోరో. తల్లి ఆఫ్రికా ఆవిడ. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు. చిన్నప్పుడు ఇల్లు కూలి తల్లిదండ్రులు పోతే శిథిలాల కింద ఇరుక్కుపోయింది. అందుకే పెద్దయ్యాక కూడా ఇరుకు గదిలో పెడితే ఊపిరాడదు. 1975లో ఎక్స్‌మెన్ అనే వీరుల జట్టులో చేరి, తరవాత ఆ జట్టుకే నాయకురాలైంది. 1984లో అన్‌కానీ ఎక్స్‌మెన్ 185లో ఆమె శక్తులన్నీ పోతాయి. దాని తరవాతి 186వ సంచికలో, క్రిస్ క్లేర్‌మాంట్ రాసి, బ్యారీ విండ్సర్ స్మిత్ గీసిన కథ పేరు లైఫ్‌డెత్. వానని పిలిస్తే రాదు, గాలి మాట వినదు. తన శక్తిని తీసేసిన తుపాకీ తయారుచేసింది, ఇప్పుడు తనని ఆదరిస్తున్న మనిషేనని ఆమెకి అప్పుడు తెలుస్తుంది. ఇది పెద్దవాళ్ల కథ, ప్రేమా వేదనా ఉన్నాయి. పుస్తకం ఇవ్వకండి, మీరు చదివి మీ మాటల్లో చెప్పండి. దానికి కొసరు 201వ సంచికలో ఉంది. శక్తి ఒక్కటీ తిరిగి రాకముందే, కంటిచూపుతో కొండలు పగలగొట్టే సైక్లాప్స్‌తో నాయకత్వం కోసం తలపడి గెలుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం పుస్తకాల్లో అంతకు మించిన పోరాటం లేదు.

ఎందుకు ఇవే ఏరుతున్నానని మీకు అనిపించొచ్చు. ఇంతకన్నా పెద్ద యుద్ధాలున్న కథలు బోలెడున్నాయి. డార్క్ ఫీనిక్స్ కథ ఉంది, 1980ది, అదే ఎక్స్‌మెన్ జట్టులోని జీన్ గ్రే చనిపోతుంది, అందరూ గొప్పదంటారు, నిజంగానే గొప్పది, పాపకి తరవాతెప్పుడైనా. కానీ మీ అమ్మాయి అడిగింది ఎవరు ఎంత గట్టిగా కొడతారని కాదు కదా. "నువ్వు కాదు", "నీకెందుకు", "కనపడకు" అనిపించుకున్న ఆడపిల్ల ఏం చేసిందో ఆ పిల్లకి కావాలి. డయానాని వద్దన్నారు, కారాని దాచారు, బార్బరాని ఎవరూ పిలవలేదు, ఒరోరో దగ్గరున్నది లాక్కున్నారు. నేను ఏరిన కథలన్నీ అక్కడే మొదలవుతాయి.

సూపర్‌గర్ల్ చనిపోయే కథ కూడా ఒకటుంది, 1985ది, క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ 7వ భాగం. అట్ట మీదే సూపర్‌మ్యాన్ ఆమెని చేతుల్లో పట్టుకుని ఏడుస్తుంటాడు. పాప ముందు ఆ అమ్మాయిని ప్రేమించనివ్వండి. ఇది తొందరేం లేదు.

ఇవన్నీ పాతవే గానీ, ఒక కొత్తది కూడా చెప్తాను, వదల్లేకపోతున్నాను. 2014లో మొదలైన మిస్ మార్వెల్. జి. విల్లో విల్సన్ రాసింది, ఏడ్రియన్ ఆల్ఫోనా గీశాడు. కమలా ఖాన్ అనే పదహారేళ్ల పిల్ల, పాకిస్తాన్ నుంచి వెళ్లి అమెరికాలో జెర్సీ సిటీలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో అమ్మ కేకలు, నాన్న గారాబం, పండగలు, చుట్టాలు, అంతా మనకి తెలిసిన ఇల్లే. ఆమెకి శక్తులు వచ్చిన మొదటి రాత్రి తను ఎప్పుడూ కలగన్నట్టే తెల్లతోలు, బంగారు జుట్టు అమ్మాయిగా మారిపోతుంది. ఆ రూపంలోనే ఒకరి ప్రాణం కాపాడుతుంది. తీరా ఆ రూపం, ఆ పొట్టి బట్టలు తనకి ఏమాత్రం సుఖంగా లేవని తెలుసుకుంటుంది. తరవాత ఒంటినిండా ఉండే తన ఈత దుస్తులనే మార్చుకుని వేషం చేసుకుంటుంది. తన రంగుతో, తన ముక్కుతో బయటికొస్తుంది. మీరు అట్టల మీది బట్టల గురించి మొహమాటపడ్డారు చూడండి, ఆ ప్రశ్నకి ఆ పిల్లే జవాబు చెప్పింది. 2015లో ఆ మొదటి సంపుటానికి, సైన్సు కథలకీ అద్భుత కథలకీ ఇచ్చే హ్యూగో బహుమతి వచ్చింది. కొన్ని సంచికలు పోయాక ఒక రోజు కమలా తల్లికి నిజం చెప్పేస్తుంది. తల్లికి అప్పటికే తెలుసు. ఆ పేజీ మీరు చదవాలి, పాప కంటే ముందు.

బట్టల సంగతి నేను కూడా దాచను. చాలా ఏళ్లు ఈ బొమ్మలు గీసినవాళ్లు మగవాళ్లు, కొంటారనుకున్నది మగపిల్లలు, అందుకే అలా గీశారు. పాప అడిగితే ఈ మాటే చెప్పండి, సిగ్గుపడి పుస్తకం లాక్కోకండి. లాక్కుంటే ఆ అమ్మాయిదే తప్పనుకుంటుంది.

ఇంగ్లీషు గురించి దిగులొద్దు. ముందు మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూస్తూ ఇద్దరూ పుస్తకం మొత్తం తిరగెయ్యండి, ఎడమ నుంచి కుడికి, పై వరస అయ్యాక కింది వరస. ఏం జరిగిందో పాపని చెప్పమనండి. తరవాత మాటల బుడగలు కూడబలుక్కుని చదవండి. తెల్లకాగితం చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో బుడగలో మాట మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయించండి. బంక వాడకండి, పుస్తకం పాడవుతుంది. మీ దగ్గర గుండుసూదులున్నాయి కదా, పేజీ అంచుకి గుచ్చండి. డయానా "నానెల్తానే అమ్మా" అంటే తప్పేం లేదు. పాపకి గీసే అలవాటుంటే వడ్డాది పాపయ్యగారి బొమ్మలు చూపించండి. 1921లో శ్రీకాకుళంలోనే పుట్టిన మనిషి, వపా అని సంతకం, చందమామ అట్టలకి ఏళ్ల తరబడి బొమ్మలు వేశారు. ఆయన గీసిన ఆడవాళ్ల నడకలో ఎంత ఠీవి ఉంటుందో చూస్తే, వీరనారిని మన పోలికతో ఎలా గీయాలో పాపకే తడుతుంది.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకి కాలు విరుగుతుందనే భయం నిజంగానే ఉంది, అది ప్రేమే. ఆవిడ దగ్గర కూర్చుని ఇంకో కథ చెప్పండి, ఇది అచ్చంగా జరిగింది. పలాసలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగుతాం. ఆ స్టేషనున్న ఊరే ఆమదాలవలస. ఆ పక్కనున్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో, స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మీ ఆయన బిల్డింగు పనిలో ఉన్నారు కదా, 130 కిలోలంటే ఏమిటో ఫోన్‌లో ఆయన్నే చెప్పమనండి. సిమెంటు బస్తా 50 కిలోలు. రెండు బస్తాలు, వాటి మీద ఇంకో సగానికి పైగా. అదంతా తలపైకి. ఆడపిల్లకి మొయ్యడాలేటి అని ఆ రోజుల్లో ఆ ఇంట్లో అనుకుని ఉంటే ఆ పతకం మన జిల్లాకి వచ్చేది కాదు. అత్తగారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆవిణ్నే పాపకి చెప్పమనండి.

ఇక మీ చేతిలో ఉన్న పని. చున్నీ మెడకి ముడివేసి దూకడం మాత్రం ఆపించండి. ఎక్కడైనా కొక్కేనికి తగులుకుంటే గొంతు బిగుసుకుంటుంది. మీరే ఒక రెక్క కుట్టివ్వండి. మోకాళ్ల కిందికి రానివ్వకండి, పరిగెత్తేటప్పుడు కాళ్లకి అడ్డం పడుతుంది. బరువు లేని గుడ్డ తీసుకోండి, గాలికి లేవాలి కదా. మెడ దగ్గర నాడా వద్దు. రెండు భుజాల దగ్గరా గౌనుకి టిచ్ బటన్లు పెట్టండి, గట్టిగా లాగితే ఊడి వచ్చేసేలా. దూకే చోట ఇసకో గడ్డో ఉండేలా చూసి, మొదట అరుగు ఎత్తు నుంచే దూకమనండి. రంగు మాత్రం మీరు ఎంచకండి. గుడ్డల కొట్టుకి పాపని తీసుకెళ్లి, తాను విప్పించి, ఏది కావాలో తననే చెప్పమనండి.